వేల్స్ కొండల నుంచి దుబాయి ఇసుకకు: పోనీలను తెప్పించిపెట్టే ఒక సేవపై సమీక్ష

దుబాయి శివార్లలోని ఒక స్వారీ శిక్షణశాలలో గుర్రాల బాగోగులు చూసే బాధ్యత నాది. ఏడెనిమిదేళ్ల పిల్లలకు పెద్ద గుర్రాల మీద స్వారీ నేర్పడం కష్టం కాబట్టి బ్రిటన్ నుంచి ఆరు పోనీలను, అంటే పొట్టిజాతి గుర్రాలను తెప్పించుకున్నాము. వాటిలో నాలుగు వేల్స్ కొండజాతివి, రెండు షెట్లాండ్ జాతివి. జంతువును ఎంపిక చేయడం, పశువైద్య పరీక్షలు, కాగితాలు, విమానం, ఇక్కడి అనుమతులు అన్నీ ఒకే చేతి మీదుగా జరిపిస్తామని చెప్పిన ఒక ఏజెన్సీకి ఆ పని అప్పగించాము. పోనీలు వచ్చి పదిహేను నెలలయింది. ఒక వేసవి పూర్తిగా గడిచి, రెండో వేసవి నడుస్తున్నది. ఇలాంటి సేవను విమానం దిగిన రోజున కొలిస్తే సరైన లెక్క రాదని నాకు అనుభవం మీద తెలిసింది కనుక ఇంతకాలం ఆగి ఇప్పుడు రాస్తున్నాను. సంస్థ పేరు ఇక్కడ ప్రస్తావించడం లేదు. ఈ రంగంలోని చాలా సంస్థల పద్ధతి ఇంచుమించు ఇదే కాబట్టి, పోనీని తెప్పించుకోవాలనుకునే వారికి ఆ పద్ధతి తెలిస్తే చాలు.

మంచి సంగతి ముందుగా చెబుతాను. విమాన ప్రయాణాన్ని వీరు చాలా శ్రద్ధగా నడిపించారు. సరుకు విమానంలో గుర్రాల కోసం వాడే పెట్టెలాంటి శాలలో మూడేసి జంతువులను నిలబెడతారు. గుర్రాల రవాణాలో అనుభవమున్న ఇద్దరు మనుషులు లండన్ నుంచి దుబాయి దాకా ఏడు గంటలూ వాటి పక్కనే ఉన్నారు. గుర్రం తలను ఎత్తుగా కట్టి గంటల తరబడి ఉంచితే అది తల దించి ముక్కులోని, గొంతులోని మలినాన్ని బయటికి పంపలేదు. ఆ మలినం ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియాగా మారుతుంది. దూరప్రయాణం చేసిన గుర్రాలకు వచ్చే జ్వరానికి ముఖ్యకారణం ఇదే. వీరు తాళ్లను వదులుగా కట్టి, గడ్డి వలలను ఛాతీకంటే దిగువన వేలాడదీసి, దారి పొడవునా నీళ్లు పట్టారు. దిగిన తరువాత వరుసగా ఐదు రోజులు ఉదయం సాయంత్రం ఉష్ణోగ్రత చూశాము. గుర్రానికి సహజమైన 37.5 నుంచి 38.5 సెంటీగ్రేడ్ డిగ్రీల మధ్యనే అన్నిటికీ ఉంది. మైక్రోచిప్ నంబరు, పాస్‌పోర్టు, టీకాల వివరాలు, రక్తపరీక్షల ఫలితాలు ఒకదానితో ఒకటి సరిపోయాయి. ఈ భాగం వరకు నాకు ఏ ఫిర్యాదూ లేదు.

ఫిర్యాదంతా విమానానికి ముందు జరగవలసిన పని గురించి, విమానం దిగాక జరగవలసిన పని గురించి.

మొదటిది, వచ్చిన కాలం. ఒప్పందం ప్రకారం పోనీలు అక్టోబరు చివరివారంలో రావాలి. మే మొదటివారంలో వచ్చాయి. మూడు పెట్టెలు నిండేటన్ని గుర్రాలు దొరికితేనే తమకు గిట్టుబాటు అవుతుందని, ఇతర కొనుగోలుదారుల కాగితాలు ఆలస్యమయ్యాయని కారణం చెప్పారు. తేదీ మారినప్పుడు మేము కూడా గట్టిగా వద్దనవలసింది. పిల్లల తల్లిదండ్రులు అప్పటికే ఆరు నెలలుగా అడుగుతున్నారన్న తొందరలో సరేనన్నాము. ఆ తప్పు మాది. అయినా ఎడారి దేశాలకు ఏళ్ల తరబడి గుర్రాలను పంపుతున్న సంస్థకు మే నెల అంటే ఏమిటో మాకంటే బాగా తెలుసు.

అక్టోబరులో దిగిన జంతువుకు శరీరాన్ని సర్దుకోవడానికి ఐదారు నెలల చల్లని కాలం దొరుకుతుంది. గుర్రం వేడికి అలవాటు పడడానికి సాధారణంగా రెండు మూడు వారాలు పడుతుందన్నది నిజమే కాని, అది ఆరోగ్యంగా ఉన్న, సన్నని వెంట్రుకలున్న, క్రమంగా పని పెంచుకుంటూ వచ్చే గుర్రం మాట. మే నెలలో షెట్లాండ్ పోనీ ఒంటి మీద చలికాలపు ఉన్ని ఇంకా సగం మిగిలే ఉంటుంది. ఆ వెంట్రుకలు రాలడం పగటి వెలుతురు నిడివిని బట్టి జరుగుతుంది. బయట నలభై డిగ్రీలు ఉన్నాయి కదా అని ఒంటి మీది బొచ్చు ఒక్కసారిగా రాలిపోదు. మా దగ్గరికి వచ్చిన బూడిదరంగు షెట్లాండ్ ఆడపోనీ మెడ మీద చెయ్యి పెడితే వేళ్లు రెండో కణుపు దాకా లోపలికి దిగిపోయాయి. పైన పొడవాటి వెంట్రుకలు, వాటి కింద దూదిలాంటి మెత్తని పొర. వాన నీరు చర్మాన్ని తాకకుండా ప్రకృతి దానికి అమర్చిన ఏర్పాటు అది. దుబాయిలో అదే దానికి ఉన్ని కంబళి అయింది. అదే సాయంత్రం మిషనుతో కత్తిరించాము. ఈ పనిని బయలుదేరడానికి వారం ముందు, చల్లని చోట, దానికి అలవాటైన మనుషుల చేత చేయించి ఉంటే, కొత్త దేశంలో తొలిరోజే దానికి ఆ భయం తప్పేది.

ఇక్కడ పోనీ దేహం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ సేవలో పోనీని చిన్న గుర్రంగా లెక్కించడమే పెద్ద లోపం. వేల్స్ కొండజాతి పోనీ పన్నెండు హ్యాండ్‌లు, అంటే సుమారు 122 సెంటీమీటర్ల ఎత్తు దాటదు. షెట్లాండ్ 107 సెంటీమీటర్లలోపే ఉంటుంది. ఈ జాతులు శతాబ్దాల పాటు చలిగాలి, తడినేల, సారం లేని గడ్డి మధ్య బతికాయి. దొరికిన కొంచెం మేతను కొవ్వుగా దాచుకోవడం, ఆ కొవ్వుతో చలికాలం గట్టెక్కడం వాటి బలం. ఎడారికి వచ్చాక ఆ బలమే రెండు విధాలుగా ప్రాణం మీదికి తెస్తుంది.

ఒకటి, తిండి మానేస్తే వచ్చే ప్రమాదం. బెదురు వల్లనో, అలసట వల్లనో, కొత్త గడ్డి రుచించకనో లావుగా ఉన్న పోనీ రెండు మూడు రోజులు సరిగా తినకపోతే, శరీరం దాచిపెట్టిన కొవ్వునంతా ఒక్కసారిగా రక్తంలోకి వదులుతుంది. కాలేయం ఆ భారాన్ని మోయలేదు. పెద్ద గుర్రాల్లో అరుదైన ఈ జబ్బు షెట్లాండ్ పోనీల్లోనూ గాడిదల్లోనూ తరచుగా కనబడుతుంది, ప్రాణం తీస్తుంది. మా బూడిదరంగు పోనీ వచ్చిన రెండో రోజు నుంచి గడ్డి వాసన చూసి ముఖం తిప్పుకోవడం మొదలుపెట్టింది. తొట్టి దగ్గర నిలబడుతుంది, మూతి తడుపుకుంటుంది, తాగదు. మూడో రోజు ఉదయం పశువైద్యురాలు రక్తం తీసి గాజుగొట్టాన్ని కిటికీ గట్టు మీద నిలబెట్టారు. ఎర్రకణాలు అడుగుకు దిగాక పైన తేలిన ద్రవం ఎండుగడ్డి రంగులో ఉండాలి. ఆ గొట్టంలో పాలు పోసినట్టు తెల్లగా ఉంది. ఆమె దానిని వెలుగుకు ఎత్తి చూపినప్పుడు నా నోట మాట రాలేదు. నరం ద్వారా గ్లూకోజు, ముక్కులో వేసిన గొట్టం ద్వారా పలుచని ఆహారం, చల్లని గది, పక్కన తోడుగా రెండో షెట్లాండ్. ఇలా తొమ్మిది రోజులు గడిచాక పదో రోజు అది తనంతట తాను గడ్డి పరకను నమిలింది.

ఈ ప్రమాదం గురించి ఏజెన్సీ ఇచ్చిన పుస్తకంలో ఒక్క వాక్యం లేదు. విమానం ఎక్కే ముందు దాని శరీర పరిస్థితి చూసి, కొన్ని నెలల ముందునుంచే నెమ్మదిగా కొవ్వు తగ్గించాలని గాని, ఇక్కడ పెట్టబోయే గడ్డినే అక్కడ పది రోజుల ముందునుంచి కలిపి పెట్టాలని గాని, కనీసం అది తినే గడ్డి నాలుగు బేళ్లు వెంట పంపాలని గాని ఎవరూ సూచించలేదు. దిగిన మూడో రోజున ఫోను చేస్తే, జంతువును ఆరోగ్యంగా అప్పగించినట్టు సంతకం చేశారు కదా అన్నారు. సంతకం చేసిన మాట నిజమే. ఆ రోజు అది ఆరోగ్యంగానే ఉంది.

రెండో ప్రమాదం దీనికి ఎదురు దిక్కున ఉంది. ఆకలి తిరిగి వచ్చిన పోనీకి ఇక్కడ దాణాకు కొదవ ఉండదు. లూసర్న్ గడ్డి, మొలాసిస్ (చెరకు మడ్డి) కలిపిన గుళికలు, పిల్లలు ముద్దుగా పెట్టే క్యారెట్లు, ఖర్జూరాలు. ఎండకు భయపడి స్వారీ తగ్గించడంతో పని ఉండదు. ఫలితంగా గిట్టల్లో వాపు మొదలవుతుంది. గిట్ట లోపలి ఎముకను గోడకు పట్టి ఉంచే పొర దెబ్బతిని, ముదిరితే ఎముక కిందికి తిరిగిపోతుంది. జంతువు ముందు కాళ్లను చాపి, బరువును మడమల మీదికి నెట్టి నిలబడుతుంది. చల్లని దేశాలలో గిట్ట వేడిగా తగిలితే అనుమానించమంటారు. జూలైలో ఇక్కడ ప్రతి గిట్టా వేడిగానే ఉంటుంది. అందుకని మా శాలలో గిట్ట పైని కీలు వెనుక వేళ్లు ఆనించి నాడి ఎంత బలంగా కొట్టుకుంటున్నదో చూడడం అందరికీ నేర్పాము. రోజూ ఉదయం నీళ్లు పట్టడానికి ముందే ఈ పని అవుతుంది.

ఇసుక మరో గండం. కొండ మీద పెరిగిన పోనీ నేల మీది ప్రతి పోచనూ వదలకుండా ఏరుకుని తింటుంది. ఇక్కడ ఆ అలవాటుతో గడ్డితో పాటు ఇసుకనూ మింగుతుంది. అది పెద్దపేగులో పేరుకుని శూలకు దారితీస్తుంది. గుప్పెడు లద్దెలను నీళ్లున్న పారదర్శకమైన సంచిలో వేసి, పిసికి, కాసేపు వేలాడదీస్తే ఇసుక అడుగున గీతగా పేరుకుంటుంది. వచ్చిన మూడో వారంలో ఒక వేల్స్ పోనీ సంచి అడుగున వేలి మందాన పేరుకుంది. మరునాటి నుంచి మేతను నేల మీద పెట్టడం మానేసి, రబ్బరు పరుపు మీద వెడల్పైన తొట్లలో పెడుతున్నాము. పది నిమిషాలు, ఒక సంచి, దోసెడు నీళ్లు చాలిన ఈ పరీక్షను పోనీతో పాటు అప్పగించవలసిన చిట్టాలో రాయడం ఎవరికీ కష్టం కాదు.

వేడి గురించి ఇక చెప్పాలి. ఏజెన్సీ ఇక్కడి శాలను చూడడానికి మనిషిని పంపింది. ఆయన వచ్చి ఏసీ ఉందా అని అడిగి, ఉందని చెప్పగానే గడిలో గుర్తు పెట్టుకుని వెళ్లారు. ఏసీ ఉండడం మంచిదే. కాని రోజంతా 24 డిగ్రీల గదిలో ఉంచి, పిల్లవాడు వచ్చినప్పుడు 40 డిగ్రీల ఎండలోకి తీసుకువస్తే ఆ జంతువు దేహం దేనికీ అలవాటు పడదు. పైగా ఎండ ఒక్కటే వేడి కాదు. లోతట్టు ఎడారిలో గాలి పొడిగా ఉంటుంది కనుక చెమట ఆరి ఒళ్లు చల్లబడుతుంది, పొగమంచులా నీటిని చిమ్మే ఫ్యాన్లూ పనిచేస్తాయి. సముద్రతీరానికి దగ్గరగా ఆగస్టు రాత్రుల్లో ఉష్ణోగ్రత తక్కువగా కనబడినా గాలిలో తేమ నిండి ఉంటుంది. అప్పుడు చెమట ఆరదు, నీటిని చిమ్మే ఫ్యాన్లు తేమను ఇంకా పెంచుతాయి. అందుకే గుర్రాల పోటీలలో ఉష్ణోగ్రతను, తేమను, ఎండ తీవ్రతను, గాలిని కలిపి లెక్కించే సూచికను వాడతారు. అది 33 డిగ్రీలు దాటితే పోటీ సురక్షితం కాదని అంతర్జాతీయ గుర్రపుస్వారీ సమాఖ్య సలహా. శిక్షణ పొందిన పోటీ గుర్రాలకే అంత జాగ్రత్త చెబితే, పిల్లవాడిని మోసే కొండజాతి పోనీకి ఇంకా కిందనే గీత గీసుకోవాలి. మేము 28 దగ్గరే స్వారీ ఆపేస్తున్నాము.

ఈ దేశంలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి దాకా ఆరుబయట ఎండలో మనుషుల చేత పని చేయించకూడదన్న నిబంధన ఉంది. జంతువుల సంక్షేమానికి 2007 నాటి 16వ నంబరు ఫెడరల్ చట్టమూ ఉంది. మా శాలలో ఆ మూడు నెలలు పోనీ పని ఉదయం ఏడింటికల్లా ముగుస్తుంది, సాయంత్రం స్వారీ ఉండదు. ఏజెన్సీ వారి సమాచార పత్రంలో మాత్రం వేసవిలో “సాయంత్రం స్వారీ చేయించవచ్చు” అని ఉంది. ఆగస్టు సాయంత్రం ఆరుగంటలకు ఇసుక నుంచి పైకి లేచే సెగ పోనీ కడుపుకు ఎంత దగ్గరగా తగులుతుందో ఆ వాక్యం రాసినవారు వంగి చూసి ఉండరు.

ఒక వేల్స్ పోనీ విషయంలో మాకు ఇంకో పాఠం ఎదురయింది. జూలైలో ఒక ఉదయం, ఏళ్లుగా మా శాలలో పనిచేస్తున్న పెద్దాయన వచ్చి, “దీని మెడ పొడిగానే ఉంది సార్, డొక్కలు మాత్రం ఎగరేస్తున్నది” అన్నారు. పనేమీ చేయకుండానే అది నిమిషానికి అరవైసార్లు ఊపిరి తీస్తున్నది. విశ్రాంతిగా ఉన్న గుర్రానికి ఎనిమిది నుంచి పదహారు చాలు. ఒంటి ఉష్ణోగ్రత 40 దాటింది. చల్లటి నీళ్లు ఆపకుండా పోస్తూనే ఉన్నాము. వేడెక్కిన గుర్రం మీద చన్నీళ్లు పోస్తే కండరాలు పట్టేస్తాయని పాతవారి నమ్మకం. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌కు ముందు జరిగిన పరిశోధనలు ఆ భయం అవసరం లేదని తేల్చాయి. మెడ నుంచి డొక్కల దాకా బకెట్ వెంట బకెట్ పోస్తే అరగంటలో శ్వాస నెమ్మదించింది. చెమట గ్రంథులు పనిచేయడం మానేశాయని తరువాత వైద్యురాలు నిర్ధారించారు. తేమతో కూడిన వేడిలో కొన్ని గుర్రాలకు ఇలా జరుగుతుంది. చల్లని వాతావరణానికి తీసుకుపోవడం తప్ప నమ్మకమైన చికిత్స లేదు.

సరిగ్గా అక్కడే ఈ సేవలోని అతిపెద్ద లోపం బయటపడింది. దానిని వెనక్కి పంపగలమా అని అడిగితే, రానుపోను ఏర్పాటు తమ పనిలో భాగం కాదన్నారు. తిరుగు ప్రయాణానికి వేరే పరీక్షలు, వేరే ఖర్చు. పైగా పిడుదుల ద్వారా వ్యాపించే పైరోప్లాస్మోసిస్ అనే జబ్బు ఈ ప్రాంతంలో ఉంది, బ్రిటన్‌లో స్థిరపడలేదు. ఇక్కడ అది సోకిన జంతువుకు దారి ఇంకా ఇరుకవుతుంది. పోనీ ఇరవై ఐదు, ముప్పై ఏళ్లు బతుకుతుంది. ఒక పిల్లవాడు దాని మీద స్వారీ చేయగలిగేది నాలుగైదేళ్లు. ఉద్యోగాల కోసం వచ్చిన కుటుంబాలు తిరిగి వెళ్లిపోతాయి. పోనీ ఇక్కడే మిగిలిపోతుంది.

ఇలా మిగిలిపోవడం కొత్త కాదు. మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక బ్రిటిష్ సైన్యం వేల గుర్రాలను ఈజిప్టులో అమ్మివేసి వెళ్లిపోయింది. 1930లో కైరో వచ్చిన బ్రిటిష్ సైన్యాధికారి భార్య డొరొతి బ్రూక్, రాళ్ల బండ్లు లాగుతూ ఎముకలగూళ్లుగా మారిన ఆ గుర్రాలను గుర్తించి, బ్రిటన్ ప్రజల నుంచి విరాళాలు సేకరించి సుమారు ఐదువేల గుర్రాలను కొని బాధ నుంచి తప్పించారు. 1934లో కైరోలో ఆమె నెలకొల్పిన ఉచిత వైద్యశాల నుంచే గుర్రాల, గాడిదల సంక్షేమానికి పనిచేసే నేటి బ్రూక్ సంస్థ పుట్టింది. వధ కోసం గుర్రాలను విదేశాలకు తరలించడాన్ని అడ్డుకోవడానికి ఏడా కోల్ 1927లో స్థాపించిన సంఘం నేటికీ పనిచేస్తున్నది. వధ కోసం పశువులను, గుర్రాలను గ్రేట్ బ్రిటన్ నుంచి పంపకూడదని 2024లో చట్టం వచ్చింది. అయితే స్వారీ కోసం పంపే పోనీకి ఆ చట్టం అడ్డు చెప్పదు. ప్రయాణానికి జంతువు తగినదా అని నిబంధనలు పరిశీలిస్తాయి. దిగిన దేశంలో ఆరు నెలల తరువాత అది నీడన ఉందా, చల్లని నీళ్లు తాగుతున్నదా అన్నది కొన్నవారి మనసుకు, పంపినవారి బాధ్యతకు వదిలేసిన సంగతి. అందుకే ఏజెన్సీ నుంచి నేను ఇంత ఎక్కువ ఆశిస్తున్నాను.

నీళ్ల గురించి ఒక మాట. శాల పైకప్పు మీది ట్యాంకులో, ఎండలో పడివున్న నల్లని పైపులో మధ్యాహ్నానికి నీళ్లు చేయి పెట్టలేనంతగా కాగుతాయి. తొట్టి నిండుగా ఉన్నా పోనీ తాగదు. దూరం నుంచి చూసినవారు నీళ్లున్నాయి కదా అనుకుంటారు. మేము ట్యాంకుకు నీడ కట్టించి, పైపును నేలలో పాతిపెట్టాక వాటి తాగుడు దాదాపు రెట్టింపయింది. ఎంత తాగాయో బకెట్ల లెక్కన రాసుకోబట్టి తెలిసింది. గుర్రం చెమటలో మనిషి చెమటకంటే ఉప్పు చాలా ఎక్కువ. అందుచేత ప్రతి గదిలో ఉప్పు రాయి కూడా ఉండాలి.

మార్కులు వేయమంటే, విమాన ప్రయాణానికి ఐదుకు ఐదు ఇస్తాను. కాగితాల పనికి నాలుగు. పోనీల ఎంపికకు మూడు, ఎందుకంటే ఆరూ నెమ్మదైన స్వభావం కలవే గాని, రెండు షెట్లాండ్‌లనూ అంత లావుగా పంపకూడదు. ప్రయాణానికి ముందు సన్నాహానికి ఒకటి. అప్పగించాక బాధ్యతకు సున్నా. ఒమన్, కతార్, కువైట్ వంటి వేడి దేశాలలో ఉంటూ ఇలాంటి సేవ తీసుకోదలచినవారు అక్టోబరు, నవంబరు తప్ప వేరే తేదీకి ఒప్పుకోవద్దు. నవంబరు దాటితే మరుసటి ఏడాదికి వాయిదా వేయమనండి. వెంట్రుకలు కత్తిరించి, పది రోజుల పాటు మేత కలిపి పెట్టి పంపాలని ఒప్పందంలో రాయించండి. జంతువుకు ఇక్కడి వాతావరణం సరిపడకపోతే ఎవరు, ఎక్కడికి, ఎవరి ఖర్చుతో తీసుకుపోవాలో కూడా అందులోనే ఉండాలి.

ఈ అంశాలన్నీ రాసి ఏజెన్సీకి రెండు నెలల క్రితం ఉత్తరం పంపాను. తేదీ గురించి, వెంట్రుకల గురించి ఒప్పుకున్నారు. తిరిగి తీసుకోవడం గురించిన పేరాకు జవాబు రాలేదు. చెమట పట్టని ఆ వేల్స్ పోనీని మేమే ఏసీ గదిలో ఉంచి, తెల్లవారుజామున అరగంట మాత్రం బయట నడిపిస్తున్నాము. ఇకపై దాని మీద ఎవరినీ ఎక్కించము. బూడిదరంగు షెట్లాండ్ దాని పక్క గదిలో ఉంటుంది. రెండింటి మధ్య గోడలో పై సగం తీసివేయించాము.